తరాల బాకీకి తల్లి పూచీ

1

మన సాహిత్యంలో పేదింటి తల్లికి కొదవ లేదు. కథలలో, నాటకాలలో, సినిమాలలో ఆమె కనిపిస్తూనే వుంటుంది. తాను పస్తుండి పిల్లలకు పెడుతుంది. తాగివచ్చిన భర్త తిట్లు పడుతుంది. చిరుగు చీరెకు ముడివేసుకుని కూలికి పోతుంది. తీరా కొడుకు ప్రయోజకుడయ్యే వేళకు కన్ను మూస్తుంది. చదివినవారు కన్నీరు పెట్టుకుని, "ఆ తల్లి ఓర్పే ఆ సంసారాన్ని నిలబెట్టింది" అంటారు. ఆ మాటతో కథా ముగుస్తుంది, ఆలోచనా ముగుస్తుంది.

నా అభ్యంతరం ఆ ఓర్పు అన్న మాట మీదనే. తల్లికి ఓర్పు లేదని నేననడం లేదు. ఓర్పు ఒక మనిషి గుణం. గుణాన్ని మెచ్చుకుని వూరుకోవచ్చు. దానికి కారణాలు వెదకనక్కర లేదు, దానికి ఎవరూ జవాబు చెప్పుకోనక్కర లేదు. కాని పేదింటి తల్లి చేసిన పనికి కారణాలున్నాయి, తేదీలున్నాయి, లెక్కలున్నాయి, చట్టాలు కూడా వున్నాయి. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క రుణదాత ఎదుట, ఒక నిర్దిష్టమైన స్థానంలో నిలబడి ఆమె ఆ పని చేసింది. ఆ స్థానానికి మన పల్లెల్లో చక్కని మాట వుంది: పూచీ. తెలంగాణలో జామీను అంటారు. బాకీ పడినవాడు తీర్చలేకపోతే తాను తీరుస్తానని నిలబడడం పూచీ.

తాత చేసిన అప్పు మనుమడి మెడకు చుట్టుకోవడం తెలుగు పల్లెలో పుట్టినవారందరికీ తెలిసిన సంగతే. ఆ తాతకూ ఈ మనుమడికీ నడుమ, వేలిముద్ర వేయకుండానే పూచీ పడినది ఎవరు? ఆ పూచీ ఎట్లా మొదలైంది, ఎప్పుడు తెగింది, తెగిన తరువాత మళ్ళీ ఎవరు ముడివేశారు? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఇదే.

2

తరాల దారిద్ర్యం అనగానే అదేదో నెత్తుటిలో దిగివచ్చే జబ్బు అన్నట్టు మాట్లాడేవారు ఈనాటికీ వున్నారు. చదువు లేదు, పొదుపు తెలియదు, అందుకని తండ్రీ పేదే, కొడుకూ పేదే అంటారు. వీరికి జవాబుగా నేను ఏ విప్లవ గ్రంథాన్నీ చూపించను. భారత పార్లమెంటు 1976లో చేసిన వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టాన్నే చూపిస్తాను. ఎమర్జెన్సీ రోజులలో, 1975 అక్టోబరు 25న ఆర్డినెన్సుగా అమలులోకి వచ్చి, మరుసటి సంవత్సరం చట్టమైనది అది.

ఆ చట్టం వెట్టిచాకిరీని నిర్వచిస్తూ మనిషి ఏయే కారణాల మీద కట్టుబడిపోతాడో వరసగా చెబుతుంది. తాను తీసుకున్న అప్పు ఒక కారణం. తన పూర్వులు తీసుకున్న అప్పు మరొక కారణం. ఆచారం వల్ల వచ్చిన బాధ్యత, వారసత్వంగా సంక్రమించిన బాధ్యత, ఫలానా కులంలో పుట్టడం, ఇవన్నీ కారణాలే. చాకిరీ చేసేది బాకీదారు ఒక్కడే కానక్కరలేదు. అతని కుటుంబంలోని వారెవరైనా, అతని మీద ఆధారపడినవారెవరైనా కావచ్చు. బాకీదారు తీర్చలేనప్పుడు పూచీ నిలబడిన మనిషి చాకిరీకి పోవడం కూడా ఆ నిర్వచనంలోకే వస్తుంది. దేశంలో ఒక్కొక్క ప్రాంతంలో ఈ పద్ధతికి వున్న పేర్లను చట్టం ఏకరువు పెట్టింది. ఆ జాబితాలో భగేలా, జీతా, పాలేరు, వెట్టి అన్న నాలుగు మాటలూ వున్నాయి. మన పొలాల నుంచీ మన దొరల గడీల నుంచీ ఎదిగిన మాటలవి.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టపడుతున్నది. దారిద్ర్యం తనంతట తాను దిగిరాలేదు. దానిని దింపడానికి పనిముట్లు వుండేవి. అప్పు ఒక పనిముట్టు, కులవృత్తి ఒక పనిముట్టు, కౌలు మీద హక్కు లేకపోవడం ఒక పనిముట్టు. నైజాం ప్రభుత్వం కూడా 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధనలు తెచ్చింది. కాని పల్లెలో ఆ నిబంధనను అమలు జరపవలసిన పటేలూ పట్వారీలే దొర మనుషులైనప్పుడు కాగితం కాగితంగానే వుండిపోయింది.

ఈ పనిముట్లలో ఒకదాని లెక్క చూద్దాం. తెలంగాణలో నాగు అని ఒక అప్పు వుండేది. విత్తనాలకో తిండికో దొర దగ్గర ధాన్యం తెచ్చుకుంటే, కోతలకు సగం కలిపి తిరిగి కొలవాలి. రెండు బస్తాలు తెస్తే మూడు బస్తాలు. పంట పోయి కొలవలేకపోతే ఆ మూడే అసలవుతుంది. మరుసటి పంటకు నాలుగున్నర. ఆపై పంటకు ఆరుంబావుకు మించిపోతుంది. నాలుగో పంట నాటికి రెండు బస్తాల బాకీ పది బస్తాలు దాటుతుంది. ఇందులో ఎవరి సోమరితనమూ లేదు, ఎవరి తాగుడూ లేదు. వరసగా వర్షాలు మొహం చాటేస్తే చాలు, పదేళ్ళ పిల్లవాడు దొర గొడ్ల వెంట జీతానికి పోవలసిందే. ఆ పిల్లవాడు పెద్దవాడై పెండ్లి చేసుకుంటే, పెండ్లి ఖర్చు కొత్త బాకీగా పాత బాకీ మీద చేరుతుంది. వచ్చిన పెండ్లాం ఆ బాకీలోకి కాపురానికి వస్తుంది.

3

ఇక్కడినుంచి తల్లి చరిత్ర మొదలవుతుంది. మొగవాడు జీతానికి కుదిరితే లెక్కలోకి వచ్చేది అతని జీతం ఒక్కటే. అతని భార్య దొర ఇంట పేడ తీసినా, వడ్లు దంచినా, వాకిళ్ళు చిమ్మినా ఆ పని అంతా ఆ జీతంలోనే కలిసిపోయేది. ఆమె శ్రమకు వేరే పేరూ లేదు, వేరే కొలతా లేదు. ఆ పని ముగించుకుని ఇంటికి వచ్చాక రెండవ పని మొదలు. సంసారాన్ని నిలబెట్టడం అని మనం పాటగా చెప్పుకునేది నిజానికి ఈ రెండవ పని.

అది ఎటువంటి పని? మొట్టమొదట అది కొలత. వున్న జొన్నలు ఎన్నాళ్ళకు వస్తాయి, గటుకలో ఎన్ని నీళ్ళు పోస్తే ఎందరికి సరిపోతుంది, ఎవరు పొలం పోతున్నారు, ఎవరికి జ్వరం, ఇదంతా ఆమె మనసులో నడిచే లెక్క. చివరకు తాను తినడమంటే ఆ లెక్కలో మిగిలినది తినడం. రెండవది, ఇరుగుపొరుగుతో చేబదుళ్ళు. గిద్దెడు నూనె, సోలెడు బియ్యం, చారెడు ఉప్పు ఇచ్చి పుచ్చుకోవడంలో వడ్డీ లేదు. కాని మాట తప్పితే మళ్ళీ పుట్టదు. మూడవది, కోసిన చేలలో పరిగె ఏరడం, గట్ల మీద కూరాకు తెంపడం, పుల్లలు ఏరుకురావడం. నాల్గవది అన్నిటికన్న కఠినమైనది. ఏ బిడ్డను బడికి పంపాలి, ఏ బిడ్డను జీతానికి పంపాలి, ఏ పిల్లకు ముందు పెండ్లి చేసి ఒక కంచం తగ్గించుకోవాలి? తీర్పు చెప్పేది తండ్రి. ఆ తీర్పుకు ముందు రాత్రంతా మేలుకుని లెక్క వేసేది తల్లి. తీర్పు తప్పయితే పిల్లల తిట్లు కూడా ఆమెకే.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నిలువు గీత తాను ఇయ్యవలసినది, అడ్డగీత తనకు రావలసినది. దీపావళికో సంక్రాంతికో గోడ అలికేముందు ఆ గీతలన్నిటినీ మా నాన్నకు చదివి చెప్పి, జ్ఞాపకం పెట్టుకోమనేది. అప్పు ఇచ్చినవాడి లెక్కపుస్తకాలు ఈనాటికీ దొరుకుతాయి. వాటి మీద పరిశోధనలు జరుగుతాయి. అప్పు మోసినదాని లెక్కపుస్తకం మీద ప్రతి పండక్కీ పేడ అలికేశారు.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. ఒక సంవత్సరం విద్యార్థులను తమ తమ కుటుంబాల మూడు తరాల చరిత్ర రాసుకురమ్మన్నాను. దాదాపు అందరూ తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, వారు చేసిన వృత్తి, వారికున్న భూమి రాశారు. భూమి ఎప్పుడు పోయింది, ఎవరికి పోయింది, ఎంత బాకీకి పోయింది అని నేను అడిగాను. అది ఒక్కరికీ తెలియలేదు. ఇంటికి పోయి అడిగి రండి అన్నాను. తిరిగి వచ్చినవారు తెచ్చిన జవాబులలో ఎక్కువ భాగం తల్లులూ అమ్మమ్మలూ చెప్పినవే. ఫలానా పిల్ల పుట్టిన ఏడు, ఫలానా ఎద్దు చచ్చిన ఏడు అంటూ వారు బాకీలను వరస తప్పకుండా చెప్పారట. వంశం పేర్లు మొగవారి దగ్గర వున్నాయి, వంశం బాకీలు ఆడవారి దగ్గర వున్నాయి. ఇది నా తరగతి గదిలో తేలినది మాత్రమే. దీనిని గణాంకంగా ఎవరూ తీసుకోవద్దు. కాని ఎక్కడ వెదకాలో చెప్పడానికి ఇది చాలు.

4

ఈ పూచీని కాదన్న తల్లి ఒకరిని మన చరిత్ర ఎరుగును. ఆమె చిట్యాల ఐలమ్మ. లోకం చాకలి ఐలమ్మ అని పిలుచుకున్నది.

ఐలమ్మది నాటి నల్లగొండ జిల్లా, జనగామ తాలూకాలోని పాలకుర్తి. ఆ ప్రాంతం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గుప్పిటిలో వుండేది. అతనికి 40,000 ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన గ్రంథంలో రాశాడు. చాకలి కుటుంబమంటే ఆ వ్యవస్థలో దొర ఇంటి గుడ్డలు, వచ్చిపోయే అధికారుల గుడ్డలు ఉతికి పెట్టవలసిన కుటుంబం. అది అప్పు వల్ల వచ్చిన చాకిరీ కాదు, పుట్టుక వల్ల వచ్చినది. తల్లి చేసినది కోడలు చేయాలి, కోడలు చేసినది ఆమె కోడలు చేయాలి.

ఈ వరుస నుంచి బయటపడడానికి ఐలమ్మ కుటుంబం ఎంచుకున్న మార్గం సేద్యం. మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకున్నారు. ఇందులో విశేషమేముందని ఈనాటి విద్యార్థికి తోచవచ్చు. విశేషం వుంది. చాకలి ఇంటికి సొంత గింజలు వచ్చాయంటే నాగుకు దొర గుమ్మం తొక్కనక్కరలేదు. నాగు లేకపోతే కొడుకు జీతానికి పోనక్కరలేదు. కొడుకు జీతానికి పోకపోతే కోడలు దొర వాకిలి చిమ్మనక్కరలేదు. అంటే ఆ పొలంలో పండేది వడ్లు మాత్రమే కాదు, తరాల పూచీకి చెల్లుచీటీ కూడా. ఐలమ్మకు ఈ సంగతి తెలుసు. దేశ్‌ముఖ్‌కు కూడా తెలుసు. వేల ఎకరాలవాడు నాలుగు ఎకరాల పంట మీద అంత పగబట్టడానికి వేరే కారణం నాకు కనిపించదు. ఒక చాకలిది తప్పించుకుంటే ఆ వూరిలో మంగలీ, కుమ్మరీ, మాదిగా అదే దారి అడుగుతారు.

అయితే ఐలమ్మ ఒంటరిగా నిలబడి గెలిచిందనుకోవడం పొరపాటు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి నాయకత్వాన కొత్త మలుపు తిరిగింది. సభ్యత్వ రుసుము నాలుగణాల నుంచి ఒక అణాకు దిగింది. ఆ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఒక అణా ఐలమ్మ ఇయ్యగలిగిన మొత్తం. పల్లె పల్లెనా సంఘం వెలసింది. దేశ్‌ముఖ్ మనుషులు ఆమె పంట కోసుకుపోవడానికి వచ్చిననాడు సంఘం కార్యకర్తలు వారిని తరిమి, పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆ తరువాత ఆమె ఇల్లు తగలబెట్టారు, ఇంటి మొగవారిని కేసులలో ఇరికించారు. ఆమె పొలం వదలలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. అక్కడినుంచి సాయుధ పోరాటంగా మారిన కథ మన పాఠకులకు కొత్త కాదు. సంఘాలు బలపడినచోట వెట్టి ఆగింది, బాకీ పత్రాలు తగలబడ్డాయి. 3,000 గ్రామాలలో 10 లక్షల ఎకరాల భూమి పంచబడిందని ఉద్యమ చరిత్రలు చెబుతున్నవి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. ఆ మరుసటి సంవత్సరం స్త్రీశక్తి సంఘటన వారు "మనకు తెలియని మన చరిత్ర" ప్రచురించారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన సంగతులు అందులో వున్నాయి, ఐలమ్మ చెప్పినవి కూడా. ఆ పుస్తకం వచ్చేదాకా మన చరిత్రలలో స్త్రీలు అన్నం వండి పెట్టినవారుగా, దళాలను దాచినవారుగా, వీరమాతలుగా కనిపించారు. తమ లెక్క తాము చెప్పేవారుగా కనిపించలేదు. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషించవలసిన విషయమే. కాని వీరనారి అన్న బిరుదు వెనుక ఆ తల్లి వేసుకున్న లెక్క మరుగున పడకూడదు. ఆమె పోరాడింది వీరత్వం కోసం కాదు, వచ్చే తరం పూచీ పడకుండా వుండడం కోసం.

5

దొర పోయాడు. కనీసం గడీలో కూర్చుని శాసించే దొర పోయాడు. 1976 నాటి చట్టం బాకీల కింద కట్టుబడిన చాకిరీని రద్దు చేసింది. మరి పూచీ పోయిందా? పోలేదు. రుణదాత మారాడు. అంతకుమించి మారినది తక్కువ.

1980ల నడిమిలో మన రాష్ట్ర ప్రభుత్వం "వారుణి వాహిని" పేర సారాను ప్యాకెట్లలో పల్లె పల్లెకూ చేర్చింది. ఒకనాడు వూరి చివర కల్లుపాకకు నడిచిపోయి తాగవలసినది ఇప్పుడు ఇంటి ముందటికి వచ్చింది. చాలాచోట్ల అరువుకు ఇచ్చేవారు. కూలి డబ్బులు వచ్చిన సాయంత్రం పట్టుకునేవారు. కూలివాని వేతనం ఇంటి గడప దాటకముందే కంట్రాక్టరు సంచిలో పడేది, అందులో ఒక భాగం సర్కారు ఖజానాలో పడేది. ఇల్లు గడవడం మాత్రం భార్య కూలి మీదనే. అంటే ఆమె తన కూలితో పిల్లలను పోషించడమే కాక, భర్త కూలి ప్రభుత్వానికి పన్నుగా పోవడానికి కూడా పూచీ పడింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఈ పూచీకి ఎదురు తిరిగారు. అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి బడులకు వచ్చిన కూలి తల్లులు వారు. బళ్ళో నేర్చుకున్నది అక్షరాలే అయినా, అక్కడ జరిగిన ముఖ్యమైన పని వేరు. ఒక్కొక్క ఇంటిలో చాటుగా ఏడ్చుకునే లెక్కను పదిమంది ఒకచోట కూర్చుని బయటికి చెప్పుకున్నారు. అందరి లెక్కా ఒకటేనని తేలింది. సారా దుకాణం మూయించారు. వారి కథ వయోజన వాచకంలో పాఠంగా వచ్చి ఇతర గ్రామాలకు పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనీయకుండా స్త్రీలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా పేరు చెప్పి దానిని ఎత్తివేశారు.

ఈ ఉద్యమాన్ని నైతిక ఉద్యమంగా, తాగుబోతు మొగుళ్ళ మీద ఆడవారి కోపంగా చిత్రించినవారున్నారు. అది సగం నిజం. తాగుడు చెడ్డదన్నది కూలి తల్లికి 1992లో కొత్తగా తెలిసిన సంగతి కాదు. కొత్తగా తెలిసినదేమంటే, తన ఇంటి నష్టం ఒకరి లాభంగా వేలంపాటలో పలుకుతున్నదని. తన కాపురం సంగతి అనుకున్నది రాష్ట్ర బడ్జెటు సంగతి అని తేలింది. పాలకుర్తిలో ఒక అణా సంఘం చేసిన పనిని దూబగుంటలో రాత్రి బడి చేసింది.

6

ఇక మూడవ రుణదాత. ఈసారి పూచీ చాటుగా లేదు. కాగితం మీద, ఫోటోతో, సంతకంతో వచ్చింది.

పొదుపు సంఘాలు ఈ రాష్ట్రంలో తీసుకువచ్చిన మంచిని నేను కాదనను. బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడిన మొదటి తరం పేద స్త్రీలు ఆ సంఘాల వారే. సారా ఉద్యమంలో కలిసి నడిచిన చేతులే చాలాచోట్ల పొదుపు డబ్బాలు పట్టుకున్నాయి. కాని ఆ కూడికలోని బలాన్ని గమనించినవారు మరొకరున్నారు. సూక్ష్మరుణ కంపెనీలవారు స్త్రీలను గుంపులుగా చేసి, తాకట్టు లేకుండా అప్పులిచ్చారు. తాకట్టు లేదని ఎందుకంటారో నాకు అర్థం కాదు. ఒకరు వారం కిస్తీ కట్టకపోతే మిగిలినవారంతా కట్టాలి. పక్కింటామె పరువే తాకట్టు. చేబదుళ్ళలో ఉప్పూ నూనె ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగు మమతను తీసుకుపోయి వసూలు యంత్రానికి బిగించారు.

పేదవారికి అప్పు ఇస్తే నష్టం అనుకునే కాలం పోయింది. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు ఈ కంపెనీల శాఖలు యాభై దాకా మూయించవలసి వచ్చింది. అయినా వ్యాపారం పెరిగింది. 2010లో ఆ రంగంలోని పెద్ద కంపెనీ ఒకటి షేర్లు అమ్మితే 1,600 కోట్ల రూపాయలకు పైగా పోగైంది. అదే సంవత్సరం కిస్తీల ఒత్తిడికి తట్టుకోలేక స్త్రీలు ప్రాణాలు తీసుకున్న వార్తలు జిల్లా జిల్లా నుంచీ వచ్చాయి. అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్ళకు కళ్ళెం వేసింది. మరుసటి ఏడు రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ వడ్డీకి నూటికి 24 గరిష్ఠంగా వుండాలన్నది. ఆ గరిష్ఠమే మన పల్లె లెక్కలో నెలకు రెండు రూపాయల వడ్డీ. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

నాగుకూ దీనికీ భేదం లేదని నేననడం లేదు. వడ్డీ తగ్గింది, దెబ్బలు పోయాయి, కొడుకును జీతానికి పెట్టమని ఎవరూ అనరు. కాని ఆ అప్పులు దేనికి చేస్తున్నారో చూస్తే మాటలు ఆగిపోతాయి. ఆస్పత్రికి, పిల్లల కాలేజీ ఫీజుకు, పాత అప్పుకు. కొడుకు జీతానికి పోకూడదని, చదవాలని తల్లి అప్పు చేస్తున్నది. చదివిన కొడుక్కు ఉద్యోగం రాకపోతే ఆ ఫీజు బాకీ అతని పేర తయారుగా వుంటుంది. ఆశే పనిముట్టయింది.

7

ఇక పూచీ పూర్తిగా బయటపడే సందర్భం ఒకటున్నది: రైతు ఆత్మహత్య. 2004 జూన్ 1న రాష్ట్ర ప్రభుత్వం 421 నంబరు ఉత్తర్వుతో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పులవారి పరిష్కారానికి మరొక 50,000 రూపాయలు ప్రకటించింది. తరువాత రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ మొత్తాన్ని పెంచాయి. కాని సాయం అందాలంటే చనిపోయినవాడు రైతని రుజువు కావాలి. పట్టా పుస్తకం చూపించాలి, అప్పు కాగితాలు చూపించాలి. కౌలు నోటిమాట మీద సాగుతుంది. అప్పు నోటిమాట మీద పుడుతుంది. ఆ నోటిమాటలు చెప్పినవాడు లేడు. ప్రభుత్వం దగ్గరికి వెళితే ఆమె భర్త రైతు కాడు. అప్పులవాడి దగ్గర మాత్రం అతను రైతే, ఆమె అతని వారసురాలే. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు డబ్బు కూడా పట్టా వున్నవారికే వెళ్ళింది, కౌలుదారుకు కాదు.

జాతీయ నమూనా సర్వే 2019 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాలలో నూటికి 93 అప్పులలో వున్నవి. తెలంగాణలో నూటికి 91కి మించి. దేశంలోని పెద్ద రాష్ట్రాలలో ఇవే మొదటి రెండు స్థానాలు. ఆంధ్రలో ఒక్కొక్క కుటుంబం మీద సగటు అప్పు 2,45,000 రూపాయలు దాటింది. మరొకవైపు, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల చేతిలోని సాగు కమతాలు నూటికి 14 మాత్రమే. మన రాష్ట్రాలలో ఈ పాలు అంతకంటె ఎక్కువన్న మాట నిజం. అయినా సగానికి చాలా దూరం. అప్పు కాగితం మీద ఆమె సంతకం తప్పనిసరి. పట్టా కాగితం మీద ఆమె పేరు ఐచ్ఛికం. తరాల దారిద్ర్యాన్ని ఒక వాక్యంలో చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

8

మిత్రులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. సమస్య వర్గానిది కదా, తల్లి లెక్క అని వేరే తీస్తే దృష్టి చెదిరిపోదా అంటారు. నాకు దీనికి విరుద్ధంగా తోస్తున్నది. దోపిడీ గడీలో ఆగిపోదు, బ్యాంకులో ఆగిపోదు. వంటింటి దాకా వస్తుంది. అక్కడ ఏ కంచం ఖాళీగా వుండాలో తేలేదాకా దాని పని పూర్తికాదు. ఆ చివరి మెట్టును వదిలేసి రాసిన వర్గ చరిత్ర సగం చరిత్ర. మన ఉద్యమాలు భూమి పంచినప్పుడు దానిని సాధారణంగా ఇంటి యజమాని పేరనే రాశాయి. యజమాని అంటే మొగవాడే. అందుకని భూమి మళ్ళీ అప్పులోకి జారినప్పుడు తల్లికి వద్దనే హక్కు లేకపోయింది. లెక్క తెలిసిన మనిషికి సంతకం లేదు, సంతకం వున్న మనిషికి లెక్క తెలియదు.

గోర్కీ "అమ్మ" నవలను మన ఉద్యమం తరతరాలుగా చదువుతూ వచ్చింది. అందులోని తల్లి గొప్పదనం ఓర్చుకోవడంలో లేదు. ఓర్చుకోవడం మానుకోవడంలో వుంది. మన రచయితలు ఆ నవలను మెచ్చుకుంటూనే, తమ కథలలో తల్లిని మళ్ళీ పొయ్యి ముందు కూర్చోబెట్టి కన్నీరు పెట్టించారు.

చరిత్ర విద్యార్థులకు నేను చేసే సూచన చిన్నది. మీ ఇంటిలో, మీ వూరిలో బాకీల చరిత్ర అడగండి. ఎంత తెచ్చారు, ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, ఏమి అమ్మి తీర్చారు, ఏ బిడ్డ చదువు ఆగింది, ఇవన్నీ తేదీలతో సహా చెప్పగలిగిన స్త్రీలు ఇంకా వున్నారు. దొరల దస్తావేజులు ఎక్కడికీ పోవు. వీరి జ్ఞాపకం వీరితోనే పోతుంది. రాజకీయాలలో వున్నవారికి చేసే సూచన ఇంకా చిన్నది. భూమి గురించి, కౌలు గురించి, రుణమాఫీ గురించి మీరు రాసే ప్రతి డిమాండులోనూ పట్టా ఎవరి పేర వుండాలో ఒక వాక్యం చేర్చండి. పాలకుర్తిలో సంఘం ఐలమ్మ ఓర్పును పొగడడానికి వెళ్ళలేదు, ఆమె పంటను ఆమె ఇంటికి చేర్చడానికి వెళ్ళింది.